చేనుకు సారె

ప్రాజెక్టులో నీళ్లు తగ్గి పాత ఊరు బయటపడిందని చేపలు అమ్మడానికి వచ్చిన ముత్యం చెప్పినప్పటినుంచి కిష్టవ్వ కాలు ఇంట్లో నిలవలేదు. చాయ తాగుతూ అదే మాట, చాట పట్టుకుని అదే మాట. మోటబావి ఒడ్డురాళ్లు తేలాయట. చావడి గద్దె తేలిందట. వానలు మొహం చాటేసి ఊరంతా దిగాలుపడి ఉంటే ముసలామె ఒక్కతే పెళ్లిపిలుపు వచ్చినట్టు తిరుగుతోందని కోడలు శంకరవ్వకు నవ్వు వచ్చింది.

కొడుకు కొమురెల్లి నవ్వలేదు. వాకిట్లో కూర్చుని నాగలికి కొత్త మేడి బిగిస్తున్నాడు. ఊరు మునిగినప్పుడు సర్కారు వాళ్లను లారీల్లో ఎక్కించి, ఖానాపూర్ అవతల అడవి అంచున నరికిన ఈ భూమి మీద దింపింది. ఆనాటినుంచి అతడు ఆ ఊరి పేరు నోట పలకలేదు. తప్పనిసరైతే 'అక్కడ' అంటాడు.

నువ్వు కూడా రారా అని తల్లి అడిగితే మేడి మీదనుంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"బొంద పెట్టినదాన్ని తవ్వి చూస్తరా అవ్వా? మీరు పోండ్రి."

అత్తాకోడళ్లే బయలుదేరారు. కిష్టవ్వ ఒక గంప, చిన్న గడ్డపార, ఉతికిన పాత ధోవతి తీసుకుంది. కొంగు చివర ఏదో ముడి వేసుకోవడం శంకరవ్వ చూసింది. అడిగితే పసుపు కుంకుమ అంది. ఎందుకో చెప్పలేదు.

అడవి దాటి దిగితే ఒకప్పుడు నీళ్లున్న చోటంతా బూడిదరంగు నేల. ఎండి, పగిలి, అంచులు పైకి లేచిన పెంకుల్లా ఉంది. అడుగేస్తే నత్తగుల్లలు పటపటమంటున్నాయి. ఇంట్లో మోకాళ్ల నొప్పులని మూలిగే కిష్టవ్వ ఇక్కడ మాత్రం ముందు నడుస్తోంది. గోడలు లేని ఊళ్లో కూడా గల్లీల వెంటే నడిచింది. ఒకచోట అడ్డంగా పోబోయిన కోడలిని ఆపి, అది లింగవ్వ వాకిలి, చుట్టు తిరిగి రమ్మంది.

దూలాలు, ద్వారబంధాలు, పెంకులు ఆనాడే పీక్కుపోయారు కనుక తమ ఇంటి స్థానంలో పునాది రాళ్ల వరస తప్ప ఏమీ లేదు. శంకరవ్వ కాలి బొటనవేలితో ఒండ్రు గీరింది. గీరినకొద్దీ గుండ్రటి అంచు తేలింది. వడ్లు దంచిన కుందెన. నేలలో పాతిన రాయి కనుక ఎవరూ తీసుకుపోలేదు. పెళ్లయి వచ్చిన మొదటి నెలంతా ఈ గుంత ముందు నిలబడే కొత్త మొహాలను ఒక్కొక్కటే గుర్తుపట్టింది తను. చుట్టూ ఒండ్రును చేత్తో తుడిచి, లోపల నిండిన మట్టిని మాత్రం అట్లాగే ఉంచింది.

"ఇంటి ముచ్చట తర్వాత. చేను చూడు ముందుగాల," అని కిష్టవ్వ పిలిచింది.

మోటబావి పక్కనే వాళ్ల శెనగ చేను. కిష్టవ్వ బావి ఒడ్డునుంచి తూర్పుకు నడిచి, ఒకచోట గొంతుక్కూర్చుని, గడ్డపార శంకరవ్వకిచ్చింది. పైనున్న ఒండ్రు జానెడు మందం ఉంది. అది తీసి పక్కకు వెయ్యమంది. అది నీళ్లు తెచ్చింది, మనది కాదంది. దాని కింద నల్లమన్ను తగిలింది. వేళ్లమధ్య నలిపితే పిండిలా జారక చిన్న చిన్న ఉండలుగా నిలిచింది. కిష్టవ్వ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

గంప నిండాక దాని మీద పసుపు చల్లి, కుంకుమ పెట్టి, ధోవతి కప్పింది. అప్పుడు చెప్పింది.

"ఆడివిల్లను ఇచ్చినప్పుడు సారె పెట్టి పంపమా? చేను గూడ గంతే బిడ్డా. కొత్త చేను కొట్టినప్పుడు పాత శెనగ చేను మన్ను గంపెడు తీస్కపోయి చల్లాలె. మా మామ గట్లనే చేసిండు. మనం లారీలల్ల తలుపులు తెచ్చుకున్నం, కోళ్లను తెచ్చుకున్నం, ఇసుర్రాయి గూడ తెచ్చుకున్నం. మన్ను మతికి రాలే. గిన్నేండ్ల సంది పుట్టింటి మొకం చూడని చేను ఎట్ల పండుతది?"

నీళ్ల అంచున వల విదిలిస్తున్న ముత్యం వాళ్లను చూసి చెయ్యెత్తాడు. ఊరు మునిగినా ఊరిని వదలనివాడు అతడొక్కడే. వ్యవసాయం పోయి చేపలు పట్టుకుంటున్నాడు.

"ఏందవ్వా, అందరు చేపల కోసమొస్తే మీరు మన్ను పట్టుకపోతుండ్రు? గాలమేసిన్రా, వలేసిన్రా?"

"నీ చేపలు పొద్దూకితె కంపు కొడ్తయ్. నా మన్ను కొట్టదురా," అంది కిష్టవ్వ.

గంప శంకరవ్వ నెత్తిన పెట్టుకుంది. తడిమన్ను బరువు దారిపొడుగునా మెడ నరాల్లోకి దిగుతూనే ఉంది. ఒక్కచోట కూడా దించనియ్యలేదు కిష్టవ్వ. సారెగంప దారిలో దించరాదట.

*

కొమురెల్లి గంప చూసి, చేను పడమటి అంచున, గట్టు వెంట సన్నటి పట్టీ ఒకటి కాలితో గీసి చూపాడు.

"ఇగో, గిది మీ అత్తాకోడండ్ల జాగ. ఏం చల్లుకుంటరో చల్లుకోండ్రి. మిగిలిందాని జోలికి రావద్దు."

శంకరవ్వ విత్తనాల మీద పలుచని గంజి చిలకరించి, పాత చేను మన్నును మెత్తగా నలిపి వాటి మీద జల్లి, చాటలో తిప్పింది. గోధుమరంగు శెనగలు నల్లబడ్డాయి. ఎండ తగిలితే పాడవుతాయని కిష్టవ్వ చాట మీద ఆకులు కప్పించింది. మిగిలిన మన్నును సాలులో చల్లుకుంటూ వెనకనే గింజలు జారవిడుస్తూ శంకరవ్వ నడిచింది. ముందు నాగలి పట్టిన కొమురెల్లి చివరి సాలు తిప్పాక ఎడ్లను ఆపి, వాటి వీపు నిమురుతూ, ఎడ్లతో చెబుతున్నట్టే చెప్పాడు.

"గీ యాసంగి గూడ పండకుంటే భూమి పటేలుకు అప్పజెప్పి బెల్లంపల్లి పోదాం. బొగ్గుబాయిల మా మేనబావ ఉన్నడు. పని ఇప్పిస్తనన్నడు."

శంకరవ్వ చాటను గట్టు మీద బోర్లించి తట్టింది. ఆ మాట కొత్తది కాదు. ఏటేటా ఈ చేలో శెనగ మొలిచి, జానెడు లేచి, పసుపు రాసుకున్నట్టు పాలిపోయి నిలబడిపోయేది. అప్పుడల్లా అనేవాడు. ఈసారి విత్తకముందే అన్నాడు. అదే ఆమెకు భయం వేసింది. ఒక ఊరు పోయాక ఇంకో ఊరికి వచ్చింది. ఇక్కడ కాలికి తగిలిన రాళ్లన్నీ తనే ఏరి గట్టు వేసింది. ఇంకోసారి లారీ ఎక్కే ఓపిక తనకు లేదని అతనితో చెప్పాలనుకుంది. కాని అతడు అప్పటికే ఎడ్లను అదిలించాడు.

విత్తిన కొద్దిరోజులకే ఎగువన ఎక్కడో తుపాను వాన పడింది. ఇక్కడ చుక్క రాలలేదు. ప్రాజెక్టుకు మాత్రం నీళ్లు వచ్చాయి. మీ బావి మళ్లీ మునిగిందని ముత్యం చేపల గంప దించుతూ చెప్పాడు. కిష్టవ్వ ఆ పూట చేప తీసుకోలేదు.

*

మార్గశిరంలో మంచు మొదలైంది. కిష్టవ్వ ధోవతి గుడ్డ పని కూడా మొదలైంది.

శెనగ ఆకు మీది మంచు పుల్లగా ఉంటుంది. పొద్దుగూకే వేళ పలుచని గుడ్డను మొక్కల మీద పరిచి వదిలితే తెల్లారేసరికి ఆ పులుపంతా పీల్చుకుంటుంది. దాన్ని పిండి సీసాలో పోసుకుంటే కడుపునొప్పికి, అరగనప్పుడు ఒక చెంచా చాలు. పాత ఊళ్లో పసిపిల్లల తల్లులు గిన్నె పట్టుకుని కిష్టవ్వ వాకిలికే వచ్చేవాళ్లు. ఈ కొత్త చేలో గుడ్డ పరిచినప్పుడల్లా ఆమె పిండి, నాలుక చివర పెట్టుకుని, ఉమ్మేసేది. చప్పగా ఉందనేది. ఈ ఏడు గుడ్డను పట్టీకి ఒక మూలన, గట్టు రాయి దగ్గర పరిచింది. అక్కడినుంచి దాన్ని కదపలేదు. పొద్దున పిండుతుంది, రుచి చూసి ఉమ్మేస్తుంది, మళ్లీ అక్కడే కప్పుతుంది.

ఆ రోజుల్లోనే గ్రామసేవక్ లక్ష్మీరాజం సైకిలు వెనక అమోనియా ఎరువు బస్తా కట్టుకుని వచ్చాడు. కరీంనగర్ దిక్కునుంచి వచ్చిన పిల్లవాడు. ఎండకు మొహం కమిలి, ప్యాంటుకు పల్లేరుకాయలు అంటుకుని ఉన్నాడు. సమితి ఆఫీసులో నానా తిప్పలుపడి ఈ బస్తా సంపాదించాడట. పాలిపోయిన శెనగ మీద చల్లి ఫలితం చూపిస్తే, నలుగురు చూస్తే, మళ్లీ అడగవచ్చట. కొమురెల్లి బస్తాను బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని పాకలోకి తీసుకుపోయాడు.

అతడు అటు పోగానే లక్ష్మీరాజం చేలోకి దిగాడు. కొమురెల్లి చేను మొక్క ఒకటి పీకి చూశాడు. వేళ్లు తెల్లగా, నునుపుగా ఉన్నాయి. గట్టు పక్క పట్టీలో కలుపు తీస్తున్న శంకరవ్వ దగ్గరికి వచ్చి, అడిగి, అక్కడా ఒకటి పీకాడు. పైకి రెంటికీ తేడా లేదు. రెండూ పసుపే. కాని ఈ మొక్క వేళ్లకు ఆవగింజలంత బుడిపెలు అక్కడక్కడా అంటి ఉన్నాయి. గోటితో ఒకటి చిదిమాడు. లోపల ఎర్రగా ఉంది.

"గీ మన్ను ఏడికెల్లి తెచ్చిన్రు అక్కా?"

మునిగిన చేనునుంచి అని చెప్పింది. అతడు మట్టిలోనే కూర్చున్నాడు. రాజేంద్రనగర్ ట్రైనింగులో పటం మీద చూడడమే తప్ప శెనగ వేరును ఇట్లా చేత్తో పట్టి చూడలేదన్నాడు.

"వీటిల కంటికి కనబడని జీవాలుంటయ్. మంచివే. గాలిల ఉన్న బలాన్ని తీసి చెట్టుకు వండిపెడ్తయ్. చెట్టు వాటికి తీపి పెడ్తది. శెనగకు దాని జీవాలు దానికే. అడివి కొట్టిన భూమిల గవి ఉండయ్. ఎవలన్న తేవాలె. మీరు తెచ్చిన్రు."

"మరి చెట్టు ఇంకా పచ్చవడలే గద సారూ?"

"ఇప్పుడిప్పుడే పుట్టినయ్. జర ఓపిక పట్టాలె. కని ఒక మాట. గీ పట్టీల మాత్రం మందు చల్లద్దు. ఊర్కనే బువ్వ దొరికితే చెట్టు వాటిని సాకదు. ముడుచుకపోతయ్."

శంకరవ్వ ఆ మొక్కను పారేయలేదు. వేళ్లకు తడిమట్టి పెట్టి మళ్లీ గుంటలో నిలబెట్టింది. బతకదని తెలుసు.

సాయంత్రం కొమురెల్లి తెల్లటి ఉప్పులాంటి ఆ మందును గంపలో పోసుకుని, ఇసుక కలిపి, సాళ్ల వెంట పిడికిళ్లతో చల్లాడు. తేమ చాలదని వాగునుంచి కావడితో నీళ్లు మోసి మొక్క మొక్కకు చెంబుతో పోశాడు. ఎన్నో రోజుల తర్వాత అతడు ఈల వేయడం శంకరవ్వ విన్నది. లక్ష్మీరాజం చెప్పిందంతా చెప్పాలని అన్నం ముందు కూర్చోబెట్టాక నోరు తెరిచింది. నా పట్టీలో చల్లకు అనే కదా చెప్పాలి. ఎట్లాగూ అది మీ జాగ అని గీత గీసినవాడే. ఇప్పుడు బుడిపెల ముచ్చట ఎత్తితే నవ్వుతాడు. పంట చూపించి చెబుదాం అనుకుంది. ఇంకో ముద్ద పప్పు వేసి ఊరుకుంది.

*

వారం తిరిగేసరికి కొమురెల్లి చేను నల్లగా, పచ్చగా ఎక్కివచ్చింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. గట్టు పక్క పట్టీ మాత్రం అట్లాగే పాలిపోయి ఉంది. పచ్చచీరకు పసుపు అంచు నేసినట్టుందని ఒకరు, కొమురెల్లి పెండ్లానికి కామెర్లు వచ్చాయా అని ఇంకొకరు. శంకరవ్వ వినబడనట్టు కలుపు తీసుకుంది. రోజూ పొద్దున్నే వచ్చి పట్టీ మొదట్లో నిలబడి ఆకుల కొసలు చూసేది. చివరి ఆకుల్లో కొద్దిగా పచ్చ తిరుగుతోందేమో అనిపించేది. అట్లా నిలబడినప్పుడు ఎడ్లకు మేత వేస్తూ కొమురెల్లి తనవైపే చూడడం ఒకటి రెండుసార్లు గమనించింది. అతడు వెంటనే మొహం తిప్పుకునేవాడు.

ఇంతలో నిర్మల్ దగ్గరి చెల్లె ఇంట్లో పురుడు. అక్క రాకపోతే ఎట్లా అని కబురు వచ్చింది. అత్తను చూసుకొమ్మని మొగుడికి, మొగుణ్ణి చూసుకొమ్మని అత్తకు చెప్పి బస్సెక్కింది. చెల్లె ఇంట్లో పసివాడికి నీళ్లు పోస్తున్నా, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తున్నా, ఆమెకు ఆ ఆకుల కొసలే గుర్తుకు వచ్చేవి. పసివాడి వేలిగోళ్లు శెనగాకంత ఉన్నాయంటే చెల్లె నవ్వింది.

తిరిగి వచ్చేసరికి సాయంత్రం అయింది. ఇంటికి పోకుండా సంచి చంకన పెట్టుకునే చేను దగ్గర దిగింది. కొమురెల్లి గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆమె ఈ దారినే వస్తుందని తెలిసినట్టు, తలకు కొత్తగా రుమాలు చుట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని.

పట్టీ పచ్చగా ఉంది. మిగతా చేనంత కాదు కాని, పసుపు వదిలింది.

ఆమెకు గుండె ఒక్కసారి పొంగింది. అంతలోనే మొక్కల మొదళ్లలో, మట్టిబెడ్డల మధ్య, కరగని తెల్లటి పలుకులు కనబడ్డాయి.

"బస్తాల సగం పాలు ఆపి ఉంచిన," అన్నాడు కొమురెల్లి. "నువ్వు పొద్దుగాల పొద్దుగాల వచ్చి గట్ల నిలవడుడు చూడలేక. ఊరోళ్ల మాటలొకటి. నీ చేను నా చేను ఏందని ఏసిన. నీళ్లు గూడ పోసిన."

రుమాలు కొస జారితే సర్దుకున్నాడు. అప్పుడు చూసింది. కావడి బద్ద ఒరుసుకుని భుజం మీద చర్మం లేచిపోయింది. అదిప్పుడే పక్కు కట్టింది.

శంకరవ్వ సంచి కింద పెట్టింది, మళ్లీ తీసుకుంది.

"ఆ మూలకు మాత్రం వెయ్యలే," అన్నాడు అతడు తప్పు ఒప్పుకుంటున్నట్టు, గట్టు రాయి దిక్కు చూపి. "అవ్వ గుడ్డ పరిచి ఉండె. తెల్లారి అది పిండుక నోట్లె పెట్టుకుంటది. మందు పలుకులు అంటితే కడుపుల పడ్తయని చుట్టు తిరిగి పోయిన. గా కొంచెం పసుపుగనే ఉండిపాయె. ఏమనుకోకు."

ఆమె అటు చూసింది. ధోవతి కప్పినంత మేర, పచ్చని పట్టీలో అతుకు వేసినట్టు, పాలిపోయిన శెనగ.

"ఏమనుకుంట?" అంది. "భుజానికి నూనె రాస్త, ఇంటికి రా."

*

పూత వచ్చేదాకా ఆమె మొక్కల వేళ్లు చూడలేదు. చూస్తే ఏం తెలుస్తుందో అని వాయిదా వేసింది. ఒకరోజు కలుపుతోపాటు ఒక మొక్క కూడా చేతికి వచ్చింది. బుడిపెలు అప్పుడు చూసినంతే ఉన్నాయి. పెరగలేదు. చిదిమితే ఎరుపు లేదు. పాచిరంగు నీళ్లు. ఇంకోటి పీకింది. దానికి అవీ లేవు. ఎర్రటి చుక్క కోసం సాలు పొడుగునా ఒక్కో మొక్కా పీకుతూ పోయేదేమో, కిష్టవ్వ కేకతో ఆగింది. పండే చెట్లను పీకుతున్నావేందే, పిచ్చి పట్టిందా అని.

ఏమీ లేదంటూ, పీకిన మొక్కలన్నీ ఒడిలో వేసుకుంది. ఆ పూట ఆకుకూర చేసింది. శెనగాకు పప్పు కమ్మగా ఉందని కొమురెల్లి రెండోసారి పెట్టించుకున్నాడు.

రాళ్లు, నత్తగుల్లలు, కుందెన అంచు ఆమెకు మళ్లీ మళ్లీ కళ్లముందు తిరిగాయి. ఇప్పుడు వాటి మీద ఎన్ని నిలువుల నీళ్లున్నాయో. ఇంకో కరువు వస్తే తప్ప ఆ మన్ను దొరకదు. కరువు రావాలని కోరుకుంటానా అని తనను తనే కసురుకుంది.

లక్ష్మీరాజం వచ్చి పట్టీని చూడగానే అతడి మొహం మారింది. ఎవరు చల్లారో అడగలేదు. కొమురెల్లి పక్కనే నిలబడి, సారూ చూసిన్రా, ఆడోళ్ల చేనుకు గూడ పాణం వచ్చె అంటున్నాడు. లక్ష్మీరాజం శంకరవ్వ వైపు చూసి, ఆమె కళ్లు దించుకోగానే, బాగుందన్నా అన్నాడు. తర్వాత సైకిలు చక్రానికి అంటిన మట్టిని పుల్లతో గీకుతూ, ఆఫీసు మాట బయటపెట్టాడు. వచ్చే ఏడు శెనగకు మందు ఇవ్వరట. వచ్చే బస్తాలన్నీ ప్రాజెక్టు కాలువ కింద వేసే కొత్తరకం వరికేనట. మెట్ట భూములకు తరవాత చూద్దామన్నారట.

"కాలువ కిందికే," అన్నాడు కొమురెల్లి.

ఆ కాలువలో పారే నీళ్లు ఎవరి ఊరి మీద నిలిచి పారుతున్నాయో ముగ్గురికీ తెలుసు. లక్ష్మీరాజం పుల్ల పారేసి సైకిలు ఎక్కాడు. అతడు గట్టు మలుపు తిరిగేదాకా చూసి కొమురెల్లి రుమాలు విప్పి దులిపాడు.

"కోత కాంగనే మేనబావకు కబురు పంపుత. మందుంటెనే పండే భూమి, మందే లేకుంటె ఎందుకు?"

అప్పటిదాకా ఆ బుడిపెల మాట ఆమె దాచుకున్నది ఒరుసుకుపోయిన అతడి భుజం కోసం. ఇప్పుడు ఆ భుజమే బొగ్గుబావికి పోతానంటోంది.

"ఇటు రా," అంది.

*

కిష్టవ్వ గట్టు రాయి దగ్గర వంగి గుడ్డ పరుస్తోంది. శంకరవ్వ ఆ గుడ్డను సగం మడిచింది. ఇన్ని రోజులుగా తనూ ఈ మూలను సరిగా చూడలేదు. పోయినదాన్నే చూసుకుంటూ తిరిగింది. ఇక్కడి మొక్కలు పొట్టిగా ఉన్నాయి, నిజమే. కాని పసుపు ఎప్పుడు పోయిందో పోయింది. ఆకు చిన్నది, మందంగా ఉంది. ముట్టుకుంటే వేలికి పులుపు అంటింది. కొమ్మకొమ్మకూ గుల్లకాయలు ఉన్నాయి.

కొడవలి మొనతో చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా ఒక మొక్కను లేపింది. అరచేతిలో పెట్టుకుని మట్టి రాల్చింది. వేళ్లమధ్యనుంచి బుడిపెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి, పెసరగింజలంత, కొన్ని జంటలుగా, కొన్ని గుత్తులుగా.

"చెయ్యి పట్టు," అని కొమురెల్లి బొటనవేలి మీద ఒకటి పెట్టి చిదిమింది. గోరు చుట్టూ ఎర్రగా పాకింది.

అతడు వేలును వెలుగుకు పెట్టి చూశాడు. తెగిందేమో అన్నట్టు ఒకసారి తుడుచుకున్నాడు.

అప్పుడు చెప్పింది, లక్ష్మీరాజం ఆనాడు మట్టిలో కూర్చుని చెప్పిందంతా. మన్నుతో వచ్చినవి, చెట్టు సాకేవి, గాలినుంచి వండిపెట్టేవి. బస్తా అక్కరలేనివి. మందు చల్లద్దన్నాడని చెప్పడం మానుకుంది. కొమురెల్లి లేచి, రెండడుగులు వేసి, పట్టీలో తను పచ్చబరిచిన మొక్కల్లో ఒకటి పీకాడు. వేళ్లు దులిపాడు. వెతికి వెతికి ఒక బుడిపె దొరికించుకుని బొటనవేలి మీదే చిదిమాడు. ఎరుపు పక్కన పాచిరంగు. చాలాసేపు ఆ వేలిని అట్లాగే పట్టుకున్నాడు.

"నేను ఏసినందుకా?" అన్నాడు.

శంకరవ్వ రుమాలు జరిపి అతడి భుజం చూసింది. పుండు మాని, లేతచర్మం గులాబీరంగులో మెరుస్తోంది.

"నాకు చెప్పకపోతివి."

"నువ్వు చెప్పి ఏసినవా?"

కిష్టవ్వ వీళ్లను పట్టించుకోకుండా, పొద్దున పిండడం మరిచిన గుడ్డ కొసను నోట్లో పెట్టుకుని చప్పరించింది. పళ్లు లేని మొహం ఒక్కసారి ముడుచుకుపోయింది. ఉమ్మలేదు. గుటక వేసింది.

"వచ్చింది," అంది. "గిదే పులుపు."

కొమురెల్లి గట్టు రాయి మీద కూర్చున్నాడు. మొక్కను లేపిన గుంటలో మన్ను పిడికెడు తీసి నలిపాడు. అడవి నేల ఎర్రమన్ను, అందులో అక్కడక్కడా నల్లటి ఉండలు. అతడు ఆ ఉండలను వేరుచేయబోయి, వేరుచేయలేక, ఊరుకున్నాడు. చేతిలోని మన్నును చూస్తూనే అడిగాడు.

"అవ్వా, ఇప్పలపల్లెల సారె మన్ను ఎట్ల తీస్తుండిరి? పసుపు ముందుగాల పెడ్తుండిరా, తవ్వినంకనా?"

కిష్టవ్వ చేతిలో గుడ్డ ఆగిపోయింది. కొడుకు నోట ఆ పేరు విని ఎన్నేళ్లయిందో ఆమె లెక్క చూసుకోలేదు. శంకరవ్వ మొహం చూసింది, కొడుకు మొహం చూసింది. తర్వాత కసిరినట్టే చెప్పింది.

"తవ్వినంక. కని ఇప్పుడు కాదురా. పంట కోసినంక వేర్లు నేలలనే ఉంచాలె. దుక్కి దున్ని, వానకాలమంత దాటినంక, మల్ల విత్తేముందు తియ్యాలె. గప్పటిదాక ఈ జాగల ఎవ్వల కాలు పడనియ్యద్దు, మందు పడనియ్యద్దు. కావలి ఉండాలె."

"ఉందాం," అన్నాడు కొమురెల్లి.

పిడికెడు మన్నును గుంటలో తిరిగి పోసి, అరచేత్తో అదిమాడు. శంకరవ్వ గుడ్డకు రెండో కొస పట్టుకుంది. ముసలామెతో కలిసి దాన్ని సాగదీసి, ఆ కొద్ది మొక్కల మీద, ఒక్క ఆకూ నలగకుండా పరిచింది.